అంగారకుడిపై అనాథ నమూనాలు

అరుణగ్రహం మీద అయిదేళ్లుగా రాయీ రాయీ పరీక్షించి, ఏరి, గొట్టాల్లో భద్రపరచిన నమూనాలను భూమికి తెచ్చుకునే దారిని అమెరికా తన చేతులతో తానే మూసివేసింది. 2026 జనవరిలో ఆమోదం పొందిన నిధుల బిల్లుకు జతచేసిన వివరణలో, ఇప్పుడున్న రూపంలోని నమూనాల కార్యక్రమానికి మద్దతు ఇవ్వడం లేదని అక్కడి చట్టసభ కాంగ్రెస్ రాసిపెట్టింది. మున్ముందు జరిగే అంగారక యాత్రల పేరిట 11 కోట్ల డాలర్లు కేటాయించి, అసలు పనిని అటకెక్కించింది. ఖర్చు తగ్గించుకునే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. కానీ మరో గ్రహంపై సగం పని చేసి మిగతా సగాన్ని వదిలేయవచ్చన్న ఆనవాయితీకి ఇది నాంది అవుతుందన్నదే మా ఆందోళన.

వదిలేస్తున్నది ఏమిటో ముందు తెలియాలి. 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్, ఒకప్పుడు నది వచ్చి సరస్సులో కలిసిన చోట తిరుగుతూ నమూనాలు సేకరించింది. 2024 జులైలో ఆ పాత నదీమార్గంలో చెయావా ఫాల్స్ అని పేరుపెట్టిన రాతిమీద చిరుతపులి మచ్చల వంటి గుర్తులు కనిపించాయి. ఆ మచ్చల్లో వివియనైట్, గ్రైగైట్ అనే ఇనుప ఖనిజాల జాడలు తేలాయి. భూమిపై ఇలాంటివి చాలాసార్లు సూక్ష్మజీవులు పనిచేసిన చోట ఏర్పడతాయి. జీవం ప్రమేయం లేకుండానూ ఏర్పడగలవు. ఈ రెండింటిలో ఏది నిజమో రోవర్ మోసుకెళ్లిన పరికరాలతో తేలేది కాదని, భూమిమీది ప్రయోగశాలలే తేల్చాలని 2025 సెప్టెంబరులో ఆ ఫలితాలు వెలువడినప్పుడే శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. ఆ రాతి ముక్క సఫైర్ కాన్యన్ అన్న పేరుతో రోవర్ లోపలే ఉంది. ఇంతవరకు మరో గ్రహంపై జీవం ఆనవాళ్లకు ఇంత దగ్గరగా వచ్చిన సాక్ష్యం లేదు. అది చేతికి అందే దారిని ఇప్పుడు మూసేశారు.

అక్కడికి వెళ్లి చూసినంత మాత్రాన ఇలాంటి ప్రశ్నలు తేలవని 1976 నాటి వైకింగ్ ల్యాండర్లు ఎప్పుడో చెప్పాయి. మట్టికి పోషకద్రవం అందించిన ఒక ప్రయోగం జీవం ఉన్నట్టు స్పందన చూపింది. మరో పరికరానికి ఆ మట్టిలో సేంద్రియ పదార్థమే దొరకలేదు. ఏది నమ్మాలన్న వాదన అర్ధ శతాబ్దమైనా ముగియలేదు. దిగిన యంత్రం తనతో తెచ్చుకున్న పరికరాలతో, తనకు నేర్పిన ప్రశ్నలనే అడగగలదు. భూమికి చేరిన రాయి అలా కాదు. అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చి ముద్రవేసి దాచిన ఒక నమూనా గొట్టాన్ని 2022లో, అది సేకరించిన నాటికి ఊహించని పరికరాల సాయంతో తెరిచారు. అర్ధ శతాబ్దం నాటి రాయి కొత్త ప్రశ్నలకు జవాబిచ్చింది.

ఈ గ్రహంపై దిగడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అక్కడి గాలి మన గాలిలో ఒక శాతానికి మించి దట్టంగా ఉండదు. పారాచూట్‌తోనే వేగాన్ని ఆపేంత దట్టం కాదు, నౌకను వేడెక్కించకుండా వదిలేంత పలుచనా కాదు. 1999లో మార్స్ పోలార్ ల్యాండర్, తన కాళ్లు తెరుచుకున్నప్పటి కుదుపును నేల తాకినట్టు పొరబడి, గాలిలోనే ఇంజిన్లు ఆపేసుకుని ఉంటుందని విచారణ తేల్చింది. 2016లో ఐరోపా నౌక షియాపరెల్లీ 3.7 కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే నేలకు దిగిపోయానని లెక్కవేసుకుని కూలిపోయింది. అయినా అప్పుడు ఎవరూ చేతులెత్తేయలేదు. పోలార్ ల్యాండర్ పోయాక మూలనపడేసిన దాని జంట నౌకనే మళ్లీ తీసి, లోపాలు సరిదిద్ది, ఫీనిక్స్‌గా పంపితే అది 2008 మే 25న క్షేమంగా దిగి, నేల కింద మంచు ఉందని నిర్ధారించింది. ఓడినప్పుడు వదలని పనిని ఇప్పుడు గెలిచాక వదిలేశారు. చరిత్రలో ఇది కొత్త రకం ఓటమి, అందుకే మరింత ప్రమాదకరం.

ఖర్చు నిజంగానే పెరిగింది, అది కాదనం. 2023 నాటి స్వతంత్ర సమీక్ష దాన్ని 800 నుంచి 1,100 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. నమూనాలు 2040 దాకా రాకపోవచ్చని నాసాయే ఒప్పుకుంది. కానీ ఆ తర్వాత జరిగిందేమిటి? తక్కువ ఖర్చు మార్గాలు వెతికారు. 2025 జనవరిలో 580 నుంచి 770 కోట్ల డాలర్ల మధ్య పూర్తయ్యే రెండు మార్గాలు ప్రకటించి, వాటిలో ఏదో ఒకటి 2026 రెండో భాగంలో ఎంచుకుంటామన్నారు. ఆ గడువు రాకముందే కార్యక్రమాన్నే తీసేశారు. శాస్త్రవేత్తల దశాబ్ది సమీక్షలు 2011లోనూ 2022లోనూ ఈ పనినే అన్నింటికంటే ముందు నిలిపాయన్న సంగతి లెక్కలోకే రాలేదు.

వ్యోమగాములు వెళ్లినప్పుడు తెస్తారన్న వాదన మరీ విడ్డూరం. నమూనా గొట్టం ఒక్కోటి 57 గ్రాములు కూడా తూగదు. ఇంతవరకు మరో గ్రహం నేలమీద నుంచి ఏ రాకెట్టూ పైకి లేవలేదు. పిడికెడు గొట్టాలను పైకి లేపే రాకెట్టును దుబారా అని తీసేసినవారు, మనుషులను లేపుకొస్తామని ఏ ధైర్యంతో చెబుతున్నారు? ఆ తొలి ప్రయోగం మనుషులను కూర్చోబెట్టుకునే చేస్తారా?

భాగస్వాముల సంగతి చూస్తే ఈ ఆనవాయితీ ఎంత చెడ్డదో ఇంకా బాగా అర్థమవుతుంది. 2012లో ఇలాగే బడ్జెట్ సాకుతో అమెరికా, ఐరోపాతో కలిసి తలపెట్టిన అంగారక యాత్ర ఎక్సోమార్స్ నుంచి తప్పుకుంది. ఐరోపా దిక్కుతోచక రష్యాను ఆశ్రయించింది. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో ఆ బంధమూ తెగి, అదే సెప్టెంబరులో ఎగరాల్సిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్ గోదాములోకి చేరింది. ఇప్పుడు 2028 కోసం చూస్తోంది. నమూనాలను భూమికి చేర్చే ఆర్బిటర్, అంటే గ్రహం చుట్టూ తిరిగే నౌక, బాధ్యతను నమ్మకంతో తలకెత్తుకున్నదీ ఆ ఐరోపాయే. రెండుసార్లు నడి ఏట్లో వదిలేసినవారితో మూడో ఒప్పందంపై ఎవరు సంతకం చేస్తారు? ఒక గ్రహయాత్రకు పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ప్రతి ఏటా తెగిపోగల మాట మీద అలాంటి పని నిలవదు.

చైనా తన తియాన్‌వెన్-3 నౌకను 2028లో పంపి 2031 ప్రాంతంలో నమూనాలు తెస్తానంటోంది. తెస్తే సంతోషమే, జెండా ఎవరిదన్నది మాకు ముఖ్యం కాదు. కానీ అది వేరే చోటి మట్టి. జెజెరోలో అడుగడుగునా చదివి, ఏ పొర ఏ పొర కింద ఉందో రాసుకుని ఏరిన రాళ్లకు అది బదులు కాదు.

మరోవైపు రోవర్ ముసలిదవుతోంది. దాని ప్లుటోనియం విద్యుత్తు ఏటికేడు తగ్గుతుంది. త్రీ ఫోర్క్స్ అనే చోట 2023 జనవరి నాటికి పది గొట్టాలను నేలమీద పేర్చిపెట్టారు. విలువైన మిగతా గొట్టాలు ఇంకా దాని కడుపులోనే ఉన్నాయి. అది ఆగిపోతే వాటిని బయటికి తీయడం మరింత కష్టం. కోత కోసిన పనలను పొలంలోనే వదిలిపెట్టి ఇంటికొచ్చిన రైతును ఎవరైనా ఏమంటారో, 270 కోట్ల డాలర్లతో ఈ రోవర్‌ను పంపి చేతులు దులుపుకున్నవారినీ అదే అనాలి. సఫైర్ కాన్యన్ సహా ముఖ్యమైన గొట్టాలను రోవర్ కదలగలిగినప్పుడే అందుబాటులో ఉండే చోట దించమని నాసా ఇప్పుడే ఆదేశించాలి. తేల్చుతామన్న రెండు మార్గాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి తేదీ చెప్పాలి. చెప్పలేకపోతే, ఈ గొట్టాలను ఎందుకు నింపించారో తమ ప్రజల ముందు, తమను నమ్మిన ఐరోపా ముందు నిలబడి వివరించాలి.