బలం గోలి, భయం గోలి

కాజీపేట రైల్వేలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా బావ ఒక వైద్య విధానాన్ని కనిపెట్టాడు. లోకం ఇంకా గుర్తించలేదు. గుర్తించేలోపు నాలుగు ముక్కలు రాసిపెట్టడం బామ్మర్దిగా నా బాధ్యత.

దీని ప్రకారం గోలీలు రెండు రకాలు. విటమిన్లన్నీ బలం గోలీలు. షుగర్‌కు డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్ భయం గోలి. మొదటిది ఎంత వేసుకుంటే అంత మంచిది, రెండోది ఎంత ఎగ్గొడితే అంత మంచిది. ఎందుకంటే అది కిడ్నీలను ఖరాబు చేస్తుందని భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. కిడ్నీలను తినేది అదుపు తప్పిన షుగరేననీ, కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్లకే ఆ గోలి తగ్గిస్తామో ఆపుతామోననీ డాక్టర్ చెప్పాడు. కానీ డాక్టర్ ఒక్కడు, కట్ట మీద పదిమంది. మనది ప్రజాస్వామ్యం.

నడక అయ్యాక సభ్యులంతా చక్కెర లేని చాయ్ తాగుతారు. ఆ త్యాగానికి పరిహారం నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

తిండి దగ్గర బావ మహా కఠినుడు. తెలంగాణ సోనా తప్ప వేరే బియ్యం ముట్టడు. ఆ అన్నంతో షుగర్ మెల్లగా పెరుగుతుందని పేరు. మెల్లగానే కదా అని ఇంకో రెండు గరిటెలు పెట్టించుకుంటాడు. మేడారం బెల్లం సంగతి వేరే. గుప్పెడు నోట్లో వేసుకోబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది.

"గది బెల్లం కాదే, బంగారం. బంగారంల షుగర్ ఉంటదా?"

సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మేం బంగారమనే అంటాం. అక్క ఏమంటుంది పాపం!

ఇక ఫ్రిజ్ మీది స్వీట్ల డబ్బా. అందులో విటమిన్ సి, ఇ, జింకు, నోరు తిరగని పేర్లవి ఇంకో రెండు. డి మాత్రం డాక్టరే రాశాడు: 60,000 యూనిట్లది, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. బావ వారానికి మూడు చొప్పున ఏడాదిగా మింగుతున్నాడు. మే నెలలో తారు కరిగే ఊళ్లో ఉంటూ ఎండను కొనుక్కుంటున్నాడు. విటమిన్ డి అతిగా పడితే రక్తంలో కాల్షియం పెరిగి దెబ్బతినేది కిడ్నీలే! 2019లో అమెరికాలో షుగర్ అంచున ఉన్న 2,423 మంది మీద పరిశోధన చేసి, రోజూ విటమిన్ డి వేసుకున్నా షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారని చెప్పి చూశాను. "ఆళ్ల ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు" అన్నాడు.

రక్తపరీక్షకు వారం ముందు బావ రుషి అవుతాడు. జొన్నరొట్టె, ఆకుకూర. ఫాస్టింగ్ 118. కానీ మూడు నెలల లెక్క చూసే హెచ్‌బీఏ1సీ పాతకాలపు టీసీ లాంటిది, వెనకటి స్టేషన్ల టికెట్ కూడా అడుగుతుంది. 9.2 వచ్చింది, అంటే షుగర్ అదుపులో లేనట్టే.

ఈ మధ్య అరికాళ్లకు తిమ్మిర్లు. మొన్న రాత్రి చెప్పు జారిపోయినా తెలియక వాకిలి దాకా ఒంటి చెప్పుతో వచ్చాడు. షుగర్ ముదిరినా ఇలాగే ఉంటుంది, బీ12 తగ్గినా ఇలాగే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గొచ్చు. బావ ఎనిమిదేళ్లు సరిగ్గానే వేసుకున్నాడు, కట్ట మీదికి పోవడం మొదలయ్యాకే ఈ జ్ఞానోదయం. పరీక్ష చేయిస్తే బీ12 తక్కువే. డబ్బాలో ఇన్ని విటమిన్లున్నా కావలసిన ఆ ఒక్కటి లేదు. డాక్టర్ బీ12 రాసి, మెట్‌ఫార్మిన్ మాత్రం మానొద్దని రెండుసార్లు చెప్పాడు.

బావ వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. "చూసినవా బామ్మర్ది, విటమిన్ కావాలని డాక్టరే ఒప్పుకున్నడు. గందుకే బీ12 రెండు పూటలా ఏస్తున్న."

"మరి మెట్‌ఫార్మిన్?"

"అదే కదా దీన్ని తగ్గించింది. ఇది జర పెరగనీ, అప్పుడు చూద్దాం."

డబ్బా మూత తీశాను. మెట్‌ఫార్మిన్ షీటులో పదికి పది గోలీలూ ఉన్నాయి.