నిమ్మకాయంత గడ్డ, కొబ్బరికాయంత భయం

గోదావరి డెల్టాలో ఆడవాళ్ల గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గడ్డ పెరిగే వేగం మీద వైద్యశాస్త్రం ఇంతవరకూ దృష్టి పెట్టకపోవడం విచారకరం. రాజమండ్రి స్కానింగ్ సెంటర్లో 18 మిల్లీమీటర్లున్న గడ్డ రావులపాలెం బస్టాండు దాటేసరికి నిమ్మకాయంత అవుతుంది. కొత్తపేటలో బత్తాయంత. అంబాజీపేటలో దిగేసరికి ఒలిచిన కొబ్బరికాయంత. ఆ రాత్రి వియ్యపురాలు ఫోన్ చేసి, "ఉంచుకుంటే క్యాన్సరయిపోద్దంటండి వదినగారూ, తీయించేసుకోండి" అనేసరికి వ్యాధి నిర్ధారణ కూడా పూర్తవుతుంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఆ సంచితో పనేముంది?

ఈ రంగంలో మన ఘనత తక్కువదేం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. కారణాలు ఏవైనా కానివ్వండి, మొదటి స్థానం మనదే. ఇంత గొప్ప సంగతికి ఒక్క ఫ్లెక్సీ అయినా కట్టలేదు.

గిట్టనివాళ్లు కొందరు పాఠ్యపుస్తకాలు పట్టుకొస్తారు. ఫైబ్రాయిడ్ అనేది గర్భసంచి కండరంలో పుట్టే మామూలు గడ్డట. 50 ఏళ్లు వచ్చేలోగా సగానికి పైగా ఆడవాళ్లలో వస్తుందట, చాలామందికి ఉన్న సంగతే తెలియదట, ముట్లుడిగాక దానంతటదే చిక్కిపోతుందట. గర్భసంచి క్యాన్సర్లలో ఎక్కువ భాగం పుట్టేది కండరంలో కాదు, లోపలి పొరలోనట. కండరంలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ వేరే జబ్బని, చాలావరకు మొదట్నుంచీ విడిగానే పుడుతుంది తప్ప ఫైబ్రాయిడ్ ముదిరి అది కాదని కూడా అంటారు. ఫైబ్రాయిడే అనుకుని ఆపరేషన్ చేస్తే సుమారు 350 మందిలో ఒకరికి సార్కోమా బయటపడుతుందని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క కట్టింది. తర్వాత వచ్చిన లెక్కల్లో కొన్ని అంతకంటే చాలా తక్కువే చెప్పాయి. మనం మాత్రం ఆ ఒక్కరినే చూస్తాం. మిగతా 349 మంది సంగతి అడిగితే ముందుజాగ్రత్త తెలియని మనిషి అనిపించుకోవాలి.

ఇంకా ఘోరం, సంచి తీయకుండా కాలయాపన చేసే పద్ధతులు. సైజు కన్నా గడ్డ ఉన్న చోటు ముఖ్యమంటారు. సంచి లోపలికి పొడుచుకొచ్చిన ఒక సెంటీమీటరు గడ్డ నెలనెలా రక్తం పారిస్తుంది, బయటి గోడకు వేలాడే ఐదు సెంటీమీటర్లది కిక్కురుమనదు. లోపలిదాన్ని కింది నుంచి గొట్టం పెట్టి, పొట్ట కోయకుండానే గీకి తీయొచ్చు. అధిక రక్తస్రావానికి ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు, రోజుకు మూడుసార్లు, రక్తం పోయే రోజుల్లోనే, ఐదు రోజులు మించకుండా డాక్టరు రాస్తారు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే రాయరు. లేదంటే 52 మిల్లీగ్రాముల హార్మోనున్న లూపు వేస్తారు. ఇవన్నీ చేస్తూ కూర్చుంటే ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండదూ? అదే పెద్దాపరేషనైతే సంచితోపాటు అండాశయాలు కూడా కొసరుగా వచ్చేస్తాయి. నలభైలోనే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం ఆ కొసరు మీద కొసరు.

ఫైబ్రాయిడ్ చేసే అసలు అపకారం ఒకటుంది, దాని జోలికి ఎవరూ పోరు. లోపలి పొరలో క్యాన్సర్ మొదలై రక్తం కనిపిస్తున్నా, స్కానింగ్‌లో గడ్డ కనపడగానే నేరమంతా దాని మీదకే పోతుంది. లావెక్కిన ఒళ్లు, షుగరు, నెలలు తప్పి వచ్చే ముట్లు, 45 దాటిన వయసు, వీటిలో ఏదున్నా, కత్తి పట్టేముందు పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. పైపెల్ అనే సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో, మత్తు లేకుండా, ఓపీలోనే నిమిషాల్లో అయ్యే పని. ఆ పరీక్ష చేయకుండా సంచి తీసేస్తే, తీరా క్యాన్సరని తేలాక రెండోసారి పొట్ట తెరవాల్సి రావచ్చు. దాగి ఉన్న సార్కోమాను ఫైబ్రాయిడనుకుని కడుపులోనే యంత్రంతో ముక్కలు చేస్తే క్యాన్సర్ కణాలు లోపలంతా చెల్లాచెదురవుతాయి. ఎఫ్‌డీఏ హెచ్చరించింది దాని గురించే.

ఇక ముట్లుడిగి నాలుగేళ్లయిన అత్తగారికి మళ్లీ బట్ట మీద ఎరుపు కనిపించిందనుకోండి. అలా కనిపించిన పదిమందిలో ఒకరికి అటూఇటూగా క్యాన్సర్ తేలుతుంది కాబట్టి, వెంటనే లోపలి స్కానింగ్ చేసి పొర మందం చూడాలి, 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్షకు పంపాలి. పొర పలచగానే ఉన్నా ఎరుపు మళ్లీ మళ్లీ కనిపిస్తే ముక్క తీయాల్సిందే. సంచి దాటకముందే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించారు. వేడి చేసిందని తేల్చారు. రెండు బొండాలు కొట్టిచ్చారు. నిజంగానే సంచి తీయాల్సిన జబ్బు ఉందో లేదో దాళ్వా కోతలయ్యాక చూస్తారట.