పొగే రాని కరెంటును నమ్మడమెలా?

అణు విద్యుత్తు స్వచ్ఛమైనదంటూ సాగుతున్న ప్రచారాన్ని బాధ్యతగల పౌరులందరూ ముక్తకంఠంతో ఖండించవలసిన సమయం ఆసన్నమైంది. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పారు. పొగే రాని వేడి గురించి వారు ఒక్క ముక్క కూడా చెప్పలేదు కనుక, దానిని అనుమానించడం మన ధర్మం. యురేనియం పరమాణువు చీలితే వేడి పుడుతుందట, ఆ వేడికి నీరు ఆవిరై టర్బైనును తిప్పుతుందట, ఇంత జరిగినా అక్కడ ఏదీ కాలదట. శీతలీకరణ గోపురాల మీద తెల్లగా లేచేదాన్ని చూసి నేను కొంత ఆశపడ్డాను గానీ, అదీ వట్టి నీటి ఆవిరేనని తేలింది.

ఐక్యరాజ్యసమితి పక్షాన వాతావరణ మార్పులను అధ్యయనం చేసే ఐపీసీసీ 2014లో ఇచ్చిన నివేదిక మరింత నిరాశపరిచింది. గని తవ్వకం మొదలుకొని కేంద్రాన్ని కూల్చేదాకా మొత్తం లెక్కలోకి తీసుకుంటే, ఒక్కో యూనిట్ విద్యుత్తుకు బొగ్గు సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను విడుదల చేస్తుండగా, అణు విద్యుత్తు 12 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. పైగా ఎండ కాసినా కాయకపోయినా, గాలి వీచినా వీచకపోయినా రాత్రింబవళ్లు నడుస్తుందట.

అసలు అభ్యంతరం వ్యర్థాల గురించి. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాదికి దాదాపు 30 లక్షల టన్నుల బొగ్గును మింగి, దాని ఫలితాన్ని పేద, ధనిక భేదం లేకుండా అందరి ఊపిరితిత్తులకూ పంచిపెడుతుంది. పొమ్మనలేక పొగబెట్టే మర్యాద దానికి తెలుసు. ఆ బొగ్గు బూడిదలోనూ రేడియోధార్మిక మూలకాలైన యురేనియం, థోరియం లేశమాత్రంగా ఉంటాయి, కానీ అవి ఎవరి అనుమతీ అడగకుండా హుందాగా కలిసిపోతాయి. అణు కేంద్రం సంగతి చూడండి: చిటికెన వేలి కొనంత ఇంధన బిళ్ల ఒక్కటే సుమారు టన్ను బొగ్గు పని చేస్తుంది, అంతే పెద్ద కేంద్రానికి ఏడాదికి 30 టన్నుల లోపు ఇంధనం సరిపోతుంది. వాడేసిన ఇంధనాన్ని మొదట లోతైన నీటి కొలనులో, ఆ తర్వాత ఉక్కు, కాంక్రీటు పీపాల్లో పెట్టి, ఏది ఎక్కడుందో లెక్కరాసి కాపలా కాస్తారు. ఫిన్లాండ్ వారైతే దాని కోసం 400 మీటర్లకు పైగా లోతున రాతిని తొలిచి పెట్టారు. ఇంత జాగ్రత్త పడుతున్నారంటే లోపల ఏదో ఉన్నట్టే కదా!

ఇక ప్రమాదాలు. చెర్నోబిల్ 1986, ఫుకుషిమా 2011 అని ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బొగ్గు పొగ వల్ల మనుషులు చనిపోయిన తేదీ ఒక్కటి చెప్పమనండి, ఎవరూ చెప్పలేరు. అది రోజూ జరిగేది కనుక ఏ రోజునూ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం రాలేదు.

ఈ విషయంలో లోకానికి ఆదర్శం ఆస్ట్రియా. అక్కడి జ్వెంటెన్‌డార్ఫ్‌లో అణు కేంద్రాన్ని పూర్తిగా కట్టిన తర్వాత, నడపాలా వద్దా అని 1978 నవంబరులో ప్రజాభిప్రాయం సేకరించగా, 50.5 శాతం మంది వద్దన్నారు. ఆ రియాక్టరు ఒక్క రోజు కూడా నడవలేదు. ప్రమాదాలూ సున్నా, యూనిట్లూ సున్నా. ఆ లోటు తీర్చడానికి దగ్గరలోనే డ్యూర్న్‌రోర్‌లో బొగ్గు కేంద్రం కట్టుకున్నారు. జర్మనీ సైతం బొగ్గును మండిస్తూనే, తన చివరి మూడు రియాక్టర్లను 2023 ఏప్రిల్ 15న ఆపివేసి ఈ బాటలోకి వచ్చింది.

ఖర్చు, జాప్యం అనే ఫిర్యాదు కూడా ఉందని కొందరు మిత్రులు గుర్తుచేశారు. ఫిన్లాండ్‌లో 2005లో మొదలైన ఒల్కిలువోటో మూడో రియాక్టరు 2023లో గానీ వాణిజ్య ఉత్పత్తికి రాలేదన్నది వాస్తవం. ఇది నిజమైన లోపమే గనుక, దీనిపై చర్చ మొదలైతే త్వరగా, చవకగా కట్టడమెలా అన్న దిశగా మాటలు మళ్లే ప్రమాదం ఉంది. అందువల్ల అణు విద్యుత్తు వద్దంటూ మేం రాసిన వినతిపత్రంలో ఆ అంశాన్ని చేర్చలేదు.