పీరియడ్ల లెక్కలో పడని పని

డిగ్రీ కాలేజీల్లో డిజిటల్ మీడియా కోర్సు గురించి ఎవరు మాట్లాడినా రెండే మాటలు వినిపిస్తాయి. టెక్నాలజీ పరిగెడుతోంది, సిలబస్ అందుకోలేకపోతోంది అనేది ఒకటి. ఏఐ వచ్చాక ఈ కోర్సులతో పనేముంది అనేది ఇంకొకటి. రెండూ కొట్టిపారేసేవి కావు. కానీ తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఈ కోర్సు చెబుతూ, దాని బాధ్యతా చూస్తున్న నాకు అసలు ఇబ్బంది వేరే చోట కనిపిస్తోంది. ఎవరూ లెక్కగట్టని టైమ్ మీద ఈ కోర్సు నడుస్తోంది. ఆ టైమ్ లెక్కలోకి రానంత కాలం సిలబస్ ఎన్నిసార్లు మార్చినా క్లాసులో మారేది పెద్దగా ఉండదు.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) క్రెడిట్ పద్ధతిలో వారానికి గంట లెక్చర్‌కి ఒక క్రెడిట్, రెండు గంటల ప్రాక్టికల్‌కి ఒక క్రెడిట్. విద్యార్థి ఎంత చదివాడో కొలవడానికి పెట్టుకున్న లెక్క ఇది. చాలా చోట్ల అదే లెక్క లెక్చరర్ పనికీ అంటుకుంది. రెండు గంటలు ల్యాబ్‌లో నిలబడితే ఒక గంట పాఠం చెప్పినట్టు. 2018 యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అన్నాయి. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 16 దగ్గర ఆగిన టైమ్‌టేబుల్ నా కంటపడలేదు.

పేపర్లు దిద్దే బాధ కామర్స్ వాళ్లకీ ఉంది, కాదనను. మా సబ్జెక్టులో దిద్దడం అంటే ఏమిటో చూడండి. క్లాసులో 40 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు 3 నిమిషాల వీడియో ఎడిట్ చేసి తెస్తే ఒక్కసారి చూడటానికే 2 గంటలు. అలా చూసి మార్కులు వేసేస్తే దాన్ని దిద్దడం అనలేం. కట్ ఎక్కడ పడింది, మాటల్ని మ్యూజిక్ ఎందుకు మింగేసింది తెలియాలంటే టైమ్‌లైన్ తెరవాలి. తెరిస్తే ఎర్రటి స్క్రీన్, దాని మీద ‘మీడియా ఆఫ్‌లైన్’. పిల్లవాడు పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే తెచ్చాడు. ఫుటేజ్ అంతా హాస్టల్లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఉంది. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు, వీడియో ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే వివరాలే ఉంటాయి. మొదటి సెమిస్టర్లోనే చెబుతాం. పరీక్ష ముందు రోజు దాకా ఎవరికీ ఎక్కదు. ఫుటేజ్ తెప్పించి, లింక్ చేయించి, పక్కన కూర్చోబెట్టుకుని ‘ఈ షాట్ రెండు సెకన్ల ముందే తీసేయాలి, ఎందుకో నువ్వే చెప్పు’ అని అడిగితే ఒక్కొక్కరికి 20 నిమిషాలు పడుతుంది. 40 మందికి 13 గంటల పైమాటే. అదీ ఒక్క అసైన్‌మెంట్‌కి. విద్యార్థి నిజంగా నేర్చుకునేది ఆ 20 నిమిషాల్లోనే. టైమ్‌టేబుల్లో దానికి గడి లేదు.

స్టోరేజ్ సంగతీ అంతే. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్క్ 22 గంటల ఫుటేజ్‌కే నిండిపోతుంది. హార్డ్‌డిస్క్ కావాలని ఇండెంట్ పెడితే ‘పోయినేడాది తీసుకున్నారు కదా’ అంటుంది అకౌంట్స్ సెక్షన్. కెమిస్ట్రీ వాళ్లు యాసిడ్ అయిపోయిందంటే ఆ ప్రశ్న రాదు. అందుకని సీనియర్ల ప్రాజెక్టుల్లో ఏవి ఉంచాలి, ఏవి చెరిపేయాలి అని సెలవుల్లో కూర్చుని తేల్చేదీ లెక్చరరే.

ఇక కాలేజీకి మా డిపార్ట్‌మెంట్ అంటే సొంత ఫోటో స్టూడియో. ఫ్రెషర్స్ డేకి ఫ్లెక్సీ, అడ్మిషన్లకు బ్రోచర్, ప్రిన్సిపల్ గారి రిటైర్‌మెంట్‌కి వీడియో, కాలేజీ ఫేస్‌బుక్ పేజీలో పోస్టులు అన్నీ మావే. కాలేజీల నాణ్యత చూసే నాక్ తనిఖీ ఉందంటే మరీ టెన్షన్. ప్రతి కార్యక్రమానికీ జియోట్యాగ్ (ఎక్కడ తీశారో తెలిపే వివరం) ఉన్న ఫోటోలు కావాలి. ‘సార్, కెమెరా పట్టుకుని ఓ పిల్లాణ్ణి పంపండి, చెట్లు నాటే ప్రోగ్రాం ఉంది’ అని ఫోన్ వచ్చిందంటే ఆ పూట ల్యాబ్ సగం ఖాళీ. దీన్ని పిల్లలకు ప్రాక్టీసే కదా అంటారు. రిబ్బన్ కత్తిరించే ఫోటో ఒకసారి తీస్తే ప్రాక్టీసే. పదోసారికి ఊడిగం.

వేసవి వస్తే అడ్మిషన్ల క్యాంపెయిన్. ఎండల్లో ఊళ్లకు వెళ్లి, ఇంటర్ పాసైన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి, డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ‘దోస్త్’లో మా కాలేజీకి ఆప్షన్ పెట్టించాలి. సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేస్తారన్న భయం కొత్త కోర్సులు చెప్పేవాళ్లకు అందరికంటే ఎక్కువ. ఇందులో మేనేజ్‌మెంట్లను మాత్రమే అని లాభం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి 2025లో కాలేజీలు బంద్‌కు దిగడం అందరం చూశాం. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియనివాడు ల్యాబ్ మీద ఖర్చు పెట్టడానికి జంకుతాడు. అయితే ఆ లోటు చివరికి ఎవరి సాయంత్రాల మీద పడుతోందన్నదే నా ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ మార్పు గురించి జనం భయపడేంత భయం నాకు లేదు. ఫ్లాష్‌నే తీసుకోండి. ఒకప్పుడు మల్టీమీడియా కోర్సు అంటే ఫ్లాష్, యాక్షన్‌స్క్రిప్ట్. 2020 డిసెంబర్ 31తో దానికి సపోర్ట్ ఆపేస్తామని అడోబీ 2017లోనే చెప్పింది. మూడేళ్లకు పైగా టైమ్ దొరికింది. అడోబీ 2013లో నెలవారీ చందా పద్ధతికి మారినప్పుడు మాత్రం కాలేజీలకు నిజంగానే దెబ్బ తగిలింది. ఒకసారి కొని బీరువాలో పెట్టుకునే అలవాటున్న మేనేజ్‌మెంట్‌కి ఏటా అద్దె కట్టడం మింగుడుపడదు. దానికీ దారి ఉంది. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో డిగ్రీ స్థాయి ఎడిటింగ్, కలర్ పనులు హాయిగా సాగుతాయి. బొమ్మలకు క్రిటా, త్రీడీకి బ్లెండర్ ఉన్నాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే నాసిరకం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా బ్లెండర్‌తో చేసిందే. కాకపోతే కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారాలంటే ముందు లెక్చరర్ నేర్చుకోవాలి, ఎక్సర్‌సైజులన్నీ మళ్లీ తయారు చేసుకోవాలి. ఎప్పుడు? మళ్లీ ఆ సాయంత్రాల్లోనే.

సిలబస్‌లో నాకు కొరతగా అనిపించేది తెలుగు. మా పిల్లలు రేపు చేసేది తెలుగు చానళ్లకు, తెలుగు పేజీలకు, తెలుగు పెళ్లి కార్డులకు. కానీ థియరీ పేపర్ ఇంగ్లిష్‌లో, టైపోగ్రఫీ పాఠమంతా రోమన్ అక్షరాల మీద. పాత ఫోటోషాప్ వెర్షన్‌లో టైప్ సెట్టింగ్ మార్చకుండా యూనికోడ్‌లో ‘స్త్రీ’ అని పెట్టి చూడండి, ఒత్తులు తలోదారి పట్టిపోతాయి. ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే ఆప్షన్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. ప్రీమియర్‌లోనూ అలాంటిదే ఉంది. అది తెలియక చాలామంది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టి, ఇమేజ్ చేసి అతికిస్తారు. ఆ అక్షరాలు గూగుల్‌లో వెతికితే దొరకవు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వరుసల మధ్య ఎడం తక్కువైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, అందుకే తెలుగుకు లీడింగ్ పెంచుకోవాలి. ఇది చెప్పడానికి ఒక క్లాసు చాలు. సిలబస్‌లో ఆ ఒక్క క్లాసుకే చోటు కనిపించదు.

పిల్లల గురించి ఒక మాట. వీళ్లకు ఏమీ రాదనుకుంటే పొరపాటు. కొందరు ఫస్టియర్‌లో చేరేనాటికే పెళ్లి స్టూడియోల్లో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగినవాళ్లు. షార్ట్‌కట్ కీలలో నన్ను దాటేస్తారు. లగ్గాల సీజన్ వస్తే అటెండెన్స్ పడిపోతుంది, మూఢం రాగానే క్లాసు నిండుతుంది. యూనివర్సిటీ అల్మనాక్ కంటే పంచాంగం చూసుకుని ప్రాక్టికల్స్ పెట్టుకోవడమే నయమని మా డిపార్ట్‌మెంట్లో జోకు. వీళ్లను 75 శాతం హాజరు పేరుతో బెదిరించడం నాకు ఇష్టముండదు, ఆ డబ్బుతోనే కొందరి ఇళ్లు గడుస్తున్నాయి. వీళ్లకు వేగం ఉంది. లేనిది వినే ఓపిక. కథ ఎక్కడ మొదలైందో, ఇంటర్వ్యూలో మనిషి నిజంగా ఏమన్నాడో, వాట్సాప్‌లో వచ్చిన క్లిప్ ఎప్పటిదో ఎలా తేల్చుకోవాలో, ఎవరి పాట వాడితే కాపీరైట్ స్ట్రైక్ వస్తుందో ఇవి స్టూడియో నేర్పదు. మేమే నేర్పాలి. ఇవేవీ 40 మందికి బోర్డు మీద రాసి నేర్పేవి కావు.

స్టూడియోల్లో పదును తేలిన వాళ్లనే తెచ్చుకుని చెప్పించవచ్చు కదా అంటారు. రూల్స్ అంత తేలిగ్గా ఒప్పుకోవు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీజీతో పాటు నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష, లేకపోతే పీహెచ్‌డీ కావాలి. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిలో డిగ్రీల పట్టింపు లేదు కానీ కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలి, అలాంటి పోస్టులు మొత్తంలో 10 శాతం దాటకూడదు. ఆరేళ్లుగా చానల్లో ఎడిటింగ్ చేస్తున్న కుర్రాడు రెండిట్లోనూ ఇమడడు. మిగిలింది గెస్ట్ ఫ్యాకల్టీ. దానికి యూజీసీ 2019లో పీరియడ్‌కి 1,500, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు అంది. జిల్లాల్లో ప్రైవేటు కాలేజీలు ఇచ్చేది ఆ దరిదాపుల్లో ఉండదు. పైగా మళ్లీ పీరియడ్ లెక్కే, దిద్దే 20 నిమిషాలకు ఇక్కడా డబ్బు లేదు.

ఏఐ విషయానికొస్తే, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక స్క్రిప్టులన్నీ ఒకే మనిషి రాసినట్టు వస్తున్నాయి. దానికి నాకు దొరికిన మందు పాతదే: రా ఫుటేజ్ చూపించు, అది ఎందుకు తీశావో చెప్పు. ఇదీ పక్కన కూర్చోబెట్టుకుని చేసే పనే. ఉద్యోగాల భయం మాత్రం నిజం. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ (వీఎఫ్ఎక్స్) కంపెనీ టెక్నికలర్ కుప్పకూలి మన దేశంలో వేలమంది రోడ్డున పడ్డాక, వీఎఫ్ఎక్స్ పేరు చెప్పి అడ్మిషన్లు అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మంచి ఆలోచనే. కానీ చిన్న ఊళ్లో అంతమందికి చోటు వెతికిపెట్టే మనిషి గంటలు ఏ పద్దులో రాశారో అక్కడి మిత్రులను అడిగితే నవ్వేశారు.

కాబట్టి అడగాల్సింది కొత్త సిలబస్ కాదు. ప్రాక్టికల్ గంటను లెక్చర్ గంటతో సమానంగా లెక్కించాలి. ఒక్కో బ్యాచ్‌లో 20 మందికి మించకూడదు. పిల్లల పని చూసే గంటలు టైమ్‌టేబుల్లో పేరుతో సహా కనిపించాలి. కాలేజీ ప్రచారం పని కావాలంటే దానికి వేరే మనిషిని పెట్టుకోవాలి, పిల్లలతో చేయిస్తే వాళ్లకు డబ్బులివ్వాలి. ఇవన్నీ ఒకేసారి కావు, నాకూ తెలుసు. ముందుగా ల్యాబ్‌కి ఒక టెక్నీషియన్ కావాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పరీక్షనాళికలు కడిగి పెట్టడానికి అటెండర్ ఉంటాడు, అది దశాబ్దాలుగా ఎవరూ ప్రశ్నించని ఏర్పాటు. 40 సిస్టమ్‌లు, రెండు కెమెరాలు, బ్యాటరీలు, మైకులు ఉన్న ల్యాబ్‌కి మాత్రం పాఠం చెప్పేవాడే తాళం తీసి, యూపీఎస్ ఆన్ చేసి, కార్డులు ఫార్మాట్ చేసి, చివర్లో లైట్లు ఆర్పి వెళ్లాలి. వచ్చే విద్యా సంవత్సరం బడ్జెట్‌లో కొత్త కెమెరా ఇస్తామంటే నేను ఆ కెమెరా వద్దని, ఆ డబ్బుతో మనిషిని ఇమ్మని రాసి ఇచ్చాను.