ఇసుకలో దిద్దిన బడి, ట్యాబ్ పట్టిన బడి

కర్నూలు జిల్లా పడమటి వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్లలో దీపావళి దాటితే బడి హాజరుపట్టీ పలచబడుతుంది. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: సుగ్గికి పోయినారు. మిరప కోతలకో, పత్తి తీయడానికో గుంటూరు వైపు కదిలే కుటుంబాలతో పిల్లలూ బండెక్కుతారు. ఇంటి దగ్గర అవ్వ ఉండి, ఆమెకు ఓపికుంటే ఒకరిద్దరు మిగులుతారు. గోడకున్న పెద్ద టచ్ ప్యానెల్ మాత్రం రోజూ హాజరే.

నాకు ప్యానెల్ మీద కోపం లేదు. గుండె రక్తాన్ని ఎలా తోస్తుందో, గ్రహణం ఎలా పడుతుందో సుద్దముక్కతో గీసి చెప్పేదానికన్నా కదిలే బొమ్మలో చూపితే తొందరగా తలకెక్కుతుంది. సరైన ప్రయోగశాల లేని బడికి అది చిన్న సాయమేం కాదు. చిక్కల్లా ప్యానెల్ తరగతి మొత్తానికీ ఒకటే పాఠం చెప్పడం. 8వ తరగతిలో కూర్చుని భాగహారం దగ్గరే తడబడే పిల్లాడికీ బీజగణితమే. నల్లబల్ల చేసిందీ అదే కదా. వెలుగు పెరిగింది, అంతే.

మరి ఎవరి చేతిలో వాళ్లకు ట్యాబ్ ఇస్తే? 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ పనీ చేసింది. 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబులు, అందులో బైజూస్ పాఠాలు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. (కేసు వేసింది క్రికెట్ బోర్డు. టీమిండియా జెర్సీ మీద పేరు వేయించుకున్న బాకీ అది.) సర్కారు బడి పాఠం ఒక ప్రైవేటు కంపెనీ జాతకంతో ముడిపడితే ఏమవుతుందో ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. ఆ మాటకొస్తే ఈ మధ్య మన బడుల్లోకి వచ్చిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది 2020-21లో మొదలైన ద్విభాషా పాఠ్యపుస్తకమే. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఛార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయే గొడవ లేదు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే ఆదోని పిల్లాడికి ఆ రెండు పేజీలూ పరాయివే అనుకోండి, అది వేరే కథ.

యంత్రం పనికొచ్చిన చోటూ ఉంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. చేరినప్పుడు 6వ తరగతి పిల్లలు సగటున లెక్కల్లో దాదాపు రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడలేదు, ఎక్కడ ఆగాడో పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అయితే సగం సమయమే కంప్యూటరు ముందు. మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. పెరూలో ఆ మనిషినీ ఆ పద్ధతినీ వదిలేసి ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో 15 నెలల తర్వాత పరీక్షిస్తే భాషలోనూ లెక్కల్లోనూ తేడా కనిపించలేదు.

ఎక్కడ ఆగితే అక్కడి నుంచి చెప్పడం మనకు కొత్తేం కాదు. ఆదోని, అనంతపురం బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, మద్రాసు గవర్నర్ మన్రో అడిగితే కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో బడుల మీద ఒక నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందున్నవాడు వెనకున్నవాడికి చెప్పేవాడు. ఆ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని దొరవారే మెచ్చుకున్నారు. పద్యాలు అర్థం తెలియకుండా చిలక పలుకుల్లా వల్లిస్తున్నారని తప్పూ పట్టారు. ప్యానెల్ వీడియో అయ్యాక క్లాసంతా ఒక్క గొంతుతో ‘అర్థమైంది సార్’ అంటుంటే నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. ఇంగ్లండు సరుకు వచ్చిపడి చేతివృత్తుల సంపాదన పోయిందని, కాళ్లూ చేతులూ కాస్త గట్టిపడగానే పేద పిల్లలు పనిలోకి వెళ్లాల్సి వస్తోందని. రెండు వందల ఏళ్ల కిందటి ఆ మాట కోసిగి బస్టాండులో నిలబడితే పాతగా అనిపించదు.

అందుకే ఈ పడమటి మండలాలకు కావలసిన ఆవిష్కరణ తెర సైజులో లేదని నా అభిప్రాయం. ముందు సుగ్గి కాలానికి హాస్టళ్లు వేళకు తెరవాలి. ఆ తర్వాత టెక్నాలజీ పని. పిల్లలకు ‘అపార్’ అని, చదువు రికార్డంతా ఒకచోట ఉంచే 12 అంకెల గుర్తింపు నంబర్లు ఇస్తున్నాం. ఆ నంబరు కొట్టగానే ఈ అమ్మాయి భిన్నాల కూడిక దగ్గర ఆగిందని గుంటూరు జిల్లా పల్లెలోని టీచరుకు కనిపిస్తే, మిరప తోట పక్క బడిలో అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. ఇప్పుడైతే ఉగాదికి ఆ అమ్మాయి ఊరికి తిరిగొచ్చేసరికి వార్షిక పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డులో అంటించి ఉంటుంది.