పరిశీలనలో ఉంది

సర్వర్ నుంచి స్టోరేజీకి ఉన్న పలు దారుల్ని చూసుకునే మల్టీపాత్ కాన్ఫిగ్ ఫైల్లో 'నో_పాత్_రీట్రై క్యూ' అని రాసిన మహానుభావుడికి శాలువా కప్పి సన్మానించాలని ఈ వ్యాసం మనవి. కారణాలు చిత్తగించండి.

స్టోరేజీకి నాలుగు దారులు: సర్వర్‌ని స్టోరేజీకి కలిపే హెచ్‌బీఏ కార్డు పోర్టులు రెండు, అటు రెండు కంట్రోలర్లు. పోర్టులు రెండూ ఒకే కార్డువి, కేబుళ్లన్నీ వెళ్లేది ఒకే స్విచ్‌కి. ఊరికి ఎన్ని రోడ్లుంటేనేం, వాగు మీద కల్వర్టు ఒక్కటే. దారుల స్థితి చూపే 'మల్టీపాత్ -ఎల్‌ఎల్' కమాండు మాత్రం నాలుగు వరసల్లో 'యాక్టివ్ రెడీ రన్నింగ్' అని నిక్షేపంగా చూపిస్తుంది.

లైనక్స్‌లో ఈ శాఖకు ఇద్దరు అధికారులు. కెర్నెల్‌లోని డీఎం-మల్టీపాత్‌ది సస్పెన్షన్ల విభాగం. ఏ దారిలోనైనా ఐవో (చదవమనో రాయమనో పంపిన అర్జీ) దెబ్బతిని తిరిగొస్తే, ఎవర్నీ అడక్కుండా ఆ దారిని 'ఫెయిల్డ్' చేసి అదే ఐవోను పక్క దారికి మళ్లిస్తుంది. మళ్లీ కొలువులోకి తీసుకోవడం తెరవెనక నడిచే డీమన్ మల్టీపాత్‌డీ పని. ఆయన 5 సెకన్లకోసారి 'సిద్ధమేనా?' అని అడిగే టీయూఆర్ కమాండుతో హాజరు వేస్తాడు. ఒంట్లో బాగున్న దారి దగ్గరికి మాత్రం తీరిగ్గా, 20 సెకన్లకోసారి వెళ్తాడు. ఈ డీమన్ చచ్చిపడి ఉంటే సస్పెన్షన్లు యథావిధిగా సాగుతాయి, పునర్నియామకాలే ఉండవు. కేబుల్ బాగుచేసినా దారి ఫెయిల్డ్‌గానే ఉంటుంది.

అసలు ముదురు సగం చచ్చిన దారి. కేబుల్ గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ మూతి మీద కాస్త దుమ్ము పడిందనుకోండి. టీయూఆర్‌లో డేటా ఉండదు కాబట్టి హాజరు పలికేస్తుంది. బరువైన రైట్ వచ్చినప్పుడు డేటా దారిలో చెడిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్లతో చేతులెత్తేస్తుంది. కెర్నెల్ గెంటేస్తుంది, కొన్ని సెకన్లకే డీమన్ లోపలికి పిలుస్తాడు, కెర్నెల్ మళ్లీ గెంటేస్తుంది. అప్లికేషన్‌కి మాత్రం 'డిస్క్ స్లో'. దీనికి 'మార్జినల్_పాత్_' పేరుతో మొదలయ్యే నాలుగు సెట్టింగులున్నాయి. నాలుగూ నింపితేనే పనిచేస్తాయి, డీఫాల్ట్‌గా ఒక్కటీ ఉండదు. వాటిలో శాంపిల్ టైం 120 సెకన్లకు తగ్గకూడదు. అంత ఓపికెవరికి?

ఇక ఉన్న దారులన్నీ పోతే? 'ఫెయిల్' అని రాస్తే వెంటనే ఎర్రర్. 12 అని రాస్తే, 5 సెకన్ల లెక్కన ఓ నిమిషం చూసి ఎర్రర్. మన సన్మానగ్రహీత రాసింది 'క్యూ'. అంటే అర్జీ పరిశీలనలో ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ప్రాసెస్‌లు ఐవో కోసం ఎదురుచూస్తూ డీ స్టేట్‌లో బిగుసుకుంటాయి, బలవంతంగా చంపే కిల్ -9 కొట్టినా కదలవు. సీపీయూ ఖాళీగా ఉంటుంది, ఇలా బిగుసుకున్నవాటినీ లెక్కేసే లోడ్ యావరేజి మాత్రం వందలు దాటుతుంది. అయినా డేటాబేస్ లాగ్‌లో ఒక్క డిస్క్ ఎర్రరైనా చూపించమనండి! రెండు నోడ్ల (సర్వర్ల) క్లస్టరైతే మరీ కులాసా: ఎర్రరే రాలేదు కాబట్టి పక్క నోడ్‌కి బాధ్యత అప్పగించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

చివరికి ఎవరో తెగించి, ఇక క్యూ ఆపమంటూ 'మల్టీపాత్‌డీ డిజేబుల్‌క్యూయింగ్ మ్యాప్ ఎంపాత్‌ఏ' అని కొడతారు. అంతదాకా పేరుకున్న అర్జీలన్నీ 'తిరస్కరించడమైనది' ముద్రతో ఒక్కసారిగా తిరిగొస్తాయి. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ షట్టర్ దించేస్తుంది. శాలువా ఆలోగానే కప్పేయాలి.