యాభై ఎంఎం బారసాల

ఫొటోగ్రఫీ నేర్చుకునేవారికి చవక లెన్సు సరిపోతుందా అన్న ప్రశ్న మా శిక్షణ కేంద్రంలో మొదటి తరగతిలోనే తేలిపోయింది. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన 18–55 ఎంఎం (ఈ అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పుగా పడుతుంది) కిట్ లెన్సును మా మాస్టారు రెండు వేళ్లతో పైకెత్తి అందరికీ చూపించి, "దీన్ని ఇంట్లో పెట్టి రండి" అన్నారు. ఆయన లెక్కలో విద్యార్థి అన్నవాడు కొనవలసింది లక్ష రూపాయలు దాటే 24–70 ఎంఎం, ఎఫ్/2.8 (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు పెద్దగా తెరుచుకుంటుంది) లెన్సు. అంత స్తోమత లేని మాబోటి వారికి, పదివేలకు అటూ ఇటూగా దొరికే 50 ఎంఎం, ఎఫ్/1.8 లెన్సును దయతలచి అనుమతించారు. అందులో జూమ్ ఉండదు కదా అని అడిగితే, "కాళ్లున్నాయిగా, అవే జూమ్" అని సెలవిచ్చారు. వెనక్కి నడిచేటప్పుడు కాళ్లకు కళ్లుండవన్న సంగతి పాఠ్యప్రణాళికలో ఎక్కడా లేదు.

ఆ లెన్సును నేను తప్పుపట్టను. కిట్ లెన్సును 55 దగ్గరకు తిప్పితే ఎఫ్/5.6ను మించి తెరుచుకోదు, ఇది ఎఫ్/1.8 వరకు తెరుచుకొని, దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి హాలుకు ఉన్నది ఒకే ఒక్క ట్యూబులైటు కాబట్టి, మొన్న మా చెల్లెలి కూతురి బారసాలకు దాన్నే మెడలో వేసుకొని తిరిగాను. ఉయ్యాలలోని పాపను మీటరు దూరం నుంచి తీస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, చెవి మాత్రం దూదిలా విడిపోతుంది. అంత దగ్గర్లో స్పష్టంగా కనిపించే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. వియ్యాలవారు ఆ ఫొటో చూసి మెచ్చుకున్నారు కూడా. పేరు పెట్టడం అయింది. భోజనాలకు లేచే ముందు ఎవరో "అందరం కలిసి ఒక్క ఫొటో" అన్నారు.

పదకొండు మంది గోడ వెంట నిలబడితే వరుస పన్నెండు అడుగులు వచ్చింది. నా కెమెరాలో బొమ్మను పట్టే పలక, అంటే ఏపీఎస్-సి అనే రకం సెన్సరు, వెడల్పు 22 మిల్లీమీటర్ల పైచిలుకు. దానిమీద 50 ఎంఎం లెన్సు పెట్టి పన్నెండు అడుగుల వరుసను పట్టాలంటే 27 అడుగులు వెనక్కి వెళ్లాలి. మా హాలు పొడవు 14 అడుగులు. మాస్టారి మాట వేదవాక్కు కనుక కంటికి వ్యూఫైండరు ఆనించుకొని వెనక్కి నడిచాను. గడప దాటాను, నాలుగడుగుల వరండా దాటాను, పదడుగుల సందూ దాటాను.

సందుకు అవతలి అంచున ఎదురింటి పిన్నిగారి వాకిలి మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేని ఆవిడ, ఆ ఉదయం వాకిట్లోనే చాప పరిచి, దానిమీద తడిపిన పాత పంచె వేసి, బూడిదగుమ్మడి వడియాలు పెట్టుకున్నారు. ఆ వడియాల వెనుక ఎంత చాకిరీ ఉంటుందో తెలియనివారి కోసం చెబుతున్నాను: ముందురోజే కాయను తరిగి, ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా నీరు కార్చాలి, తెల్లవారగానే గట్టిగా రుబ్బిన మినప్పిండిలో పచ్చిమిరపకాయల ముద్ద, ఇంగువ చేర్చి, ఆ ముక్కలు కలిపి, ఎండ ముదరకముందే ఒక్కొక్కటిగా పెట్టాలి. కాకులు వాలకుండా ఆవిడ ఒక నల్లగొడుగు కూడా తెరిచి ఉంచారు. కాకి ఎంతైనా ముందుకు చూస్తూ వస్తుంది. "పెదనాన్నగారూ, కాస్త తల ఎత్తండి, అత్తయ్యగారూ, ఇంకొంచెం జరగండి" అని ఎదురుగా ఉన్నవారికి చెబుతూ వీపుతో వచ్చే ప్రాణికి ఆవిడ దగ్గర ఏ ఏర్పాటూ లేదు. మొదటి అడుగు చల్లగా తగిలింది. వాన పడలేదే, ఈ తడి ఎక్కడిదని ఆలోచిస్తూనే మీట నొక్కాను, రెండో అడుగూ వేశాను. పైన పొర కట్టినట్టు కనిపించే వడియం లోపల ఇంకా పచ్చిగానే ఉంటుందనీ, మినప్పిండి అరికాలి కింద నిలవదనీ అప్పుడే తెలిసింది. పంచె మీద చతికిలబడ్డాను, గొడుగు నెత్తిన పడింది, కెమెరాను మాత్రం రెండు చేతులా ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాను. పిన్నిగారు నా నడుము సంగతి అడగలేదు. "ఆ కూలబడేదేదో చాప లేనివైపు కూలబడరాదా నాయనా?" అని మాత్రం అడిగారు.

నడుము విరగకపోయినా ఫొటో దక్కిందనుకుంటే అదీ లేదు. మూడున్నర అడుగుల గుమ్మంలోంచి తీసిన ఫొటోలో వరుసకు రెండు చివరలా ఉన్న ఇద్దరిద్దరూ గోడ వెనక్కి పోయారు; ఆ నలుగురూ వియ్యాలవారే. బారసాల ఫొటోలో తప్పనిసరిగా ఉండవలసిన మేనమామ సందుకు అవతల వడియాల్లో ఉన్నాడు.

బీరువాలో చీరల మధ్య దాచిన కిట్ లెన్సును 18 దగ్గర పెడితే అదే వరుసను పది అడుగుల లోపే, హాలులోనే, పట్టేసేది. మాస్టారు మెచ్చిన లక్ష రూపాయల లెన్సుకు 24 దగ్గర పెట్టినా 13 అడుగులు కావాలి, అంటే వీపు గోడకు అంటుకోవలసిందే. మసక వెలుతురంటారా, అందరూ కదలకుండా నిలబడే ఫొటోకు ఒక స్టాండు చాలు. ఈ లెక్కంతా కాగితం మీద వేసి, ఫొటోతో సహా తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టాను. ఆయన కాగితం పక్కకు జరిపి, ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో రెండడుగులు వెనక్కి వేసి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ వెంటనే రుసుము రెండో వాయిదా ఇంకా కట్టలేదని గుర్తుచేశారు.